మలేరియా తీవ్రత, పిల్లలు, జన్యువు: ఒక భావన చరిత్ర

వ్యాససంగ్రహం

ఒకే ఊరిలో, ఒకే రకం దోమకాటుకు గురయ్యే పిల్లలలో కొందరికి మలేరియా నాలుగు రోజుల జ్వరంగా వచ్చిపోతుంది, కొందరికి ప్రాణాంతకమవుతుంది. ఈ భేదానికి వంశపారంపర్య కారణాలు కూడా ఉన్నాయన్న భావన 20వ శతాబ్దంలో ఎలా రూపుదిద్దుకున్నదో, 'జాతి' గుణంగా తలచినది జన్యులక్షణంగా ఎలా తేలిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆఫ్రికాలోని పిల్లలపై జరిగిన పరిశోధనల ఫలితాలను తెలుగు మన్యప్రాంతాలకు యథాతథంగా అన్వయించడంలోని చిక్కును చర్చిస్తుంది.

కీలకపదాలు: మలేరియా, సికిల్ సెల్, ఆలిసన్, హాల్డేన్, కిలిఫి, నీలగిరి, మన్యం, వాహకులు.

1. ఉపోద్ఘాతం

మలేరియా పరిశోధన చరిత్ర తెలుగువారికి సాధారణంగా సికింద్రాబాదుతో మొదలై అక్కడే ముగుస్తుంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ ఒక దోమను కోసి, దాని జీర్ణకోశపు గోడలో మలేరియా పరాన్నజీవి దశను సూక్ష్మదర్శినిలో చూశాడు. ఆ దోమ హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం తాగినది. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఆ రోగికి ముట్టింది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి లభించింది. పాఠ్యపుస్తకాలు కథను ఈ దోమ దగ్గరే ఆపుతాయి.

జ్వరం ఎలా సంక్రమిస్తుందో రాస్ పరిశోధన తేల్చింది. సంక్రమించిన జ్వరం అందరిలో ఒకే తీరున ఎందుకు ఉండదన్నది వేరే ప్రశ్న. దానికి సమాధానం వెతికిన చరిత్రలో ప్రధాన ఘట్టాలు కెన్యా, ఉగాండాలలో జరిగాయి. ఆ చరిత్రకు కేంద్రం దోమ కాదు, పరాన్నజీవి కూడా కాదు; అయిదేళ్లలోపు పిల్లల రక్తం.

2. సంపాదించిన నిరోధం, దాని మూల్యం

దోమ సంగతి తేలిన రెండు మూడేళ్లకే రాబర్ట్ కోహ్ జావా, న్యూగినీ దీవులలో ఒక విషయం గమనించాడు. మలేరియా ఎల్లకాలం ఉండే గ్రామాలలో చిన్నపిల్లల రక్తం పరాన్నజీవులతో నిండి ఉంది. పెద్దలలో అవి అరుదు. పదేపదే జ్వరం వచ్చి, తట్టుకొని బతికినవారి శరీరం క్రమంగా నిరోధాన్ని కూడగట్టుకుంటుందని ఆయన నిర్ణయించాడు. భారతదేశంలో ఎస్. ఆర్. క్రిస్టఫర్స్ సింగ్‌భూమ్ ప్రాంతపు ఆదివాసీ పిల్లలలో పరాన్నజీవుల సంఖ్యను లెక్కించి 1924లో ప్రకటించిన పరిశీలన ఈ అంశంపై మరింత స్పష్టత తెచ్చింది. పుట్టిన తరువాత మొదటి రెండేళ్లలో సంక్రమణ ఉద్ధృతంగా ఉండి, ఆపై తగ్గుతూ, పెద్దలలో నామమాత్రంగా మిగులుతుందని ఆయన చూపాడు.

ఆనాటి మలేరియా సర్వేలలో ఒక ఊరి జ్వరతీవ్రతకు కొలమానం పిల్లల ప్లీహమే. రెండు నుంచి పదేళ్ల వయసు పిల్లలలో ఎందరికి ప్లీహం పెరిగిందో చేతితో తడిమి, ఆ శాతాన్ని బట్టి ఊరిని వర్గీకరించేవారు. తెలుగు పల్లెలలో 'కడుపులో బల్ల' అని తల్లులు చెప్పుకొనే లక్షణాన్నే ప్రభుత్వ నివేదికలు గణాంకంగా మార్చాయి.

ఈ పరిశీలనలు మన మన్యం చరిత్ర చదివేవారికి ముఖ్యమైనవి. 1879-80 రంపా పితూరీని అణచడానికి వెళ్లిన పోలీసులు, సైనికులు జ్వరాలతో కుప్పకూలిపోయారు. మైదానం నుంచి వెళ్లినవారిని పడగొట్టిన జ్వరం కొండవారిని అంతగా బాధించకపోవడం చూసి, అది వారి 'జాతి' సహజగుణమన్న అభిప్రాయం తేలికగా ఏర్పడుతుంది. కోహ్, క్రిస్టఫర్స్‌ల పరిశీలనల వెలుగులో చూస్తే ఆ గట్టిదనంలో అధికభాగం బాల్యంలో సంపాదించినది. దాన్ని సంపాదించే క్రమంలో చనిపోయిన పిల్లలు పెద్దల లెక్కల్లోకి రారు. బతికినవారిని మాత్రమే చూసి గీసిన బొమ్మ అది.

ఇక్కడొక పద్ధతిపరమైన చిక్కు ఉంది. పెద్దలలో సంపాదించిన నిరోధం బలంగా ఉన్నప్పుడు, పుట్టుకతో వచ్చిన నిరోధం ఏదైనా ఉన్నా దాని వెనుక కనబడకుండా పోతుంది. రెండింటినీ విడదీయాలంటే నిరోధం ఇంకా కూడగట్టుకోని శరీరం కావాలి. అంటే పిల్లలను చూడాలి. పరిశోధకులు దీన్ని గుర్తించడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.

3. కొడవలి కణం, 'జాతి' వ్యాధి

1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ గ్రెనడా దీవి నుంచి వచ్చిన ఒక నల్లజాతి విద్యార్థి రక్తంలో కొడవలి ఆకారపు ఎర్రకణాలను వర్ణించాడు. అమెరికా వైద్యులు ఆ తరువాత నాలుగు దశాబ్దాలపాటు దీన్ని 'నీగ్రో రక్తపు' వ్యాధిగానే చూశారు. తెల్లగా కనిపించే రోగిలో ఈ కణాలు బయటపడితే అతని వంశంలో నల్లవారి రక్తం కలిసి ఉంటుందని అనుమానించారే గాని, తమ నిర్వచనాన్ని అనుమానించలేదు.

1949లో రెండు విషయాలు దాదాపు ఒకేసారి తేలాయి. తల్లిదండ్రులలో ఒకరి నుంచి మాత్రమే ఈ జన్యువు పొందినవారు ఆరోగ్యంగా ఉండే వాహకులనీ, ఇద్దరి నుంచీ పొందినవారే తీవ్రమైన రక్తహీనతకు గురవుతారనీ జేమ్స్ నీల్ నిరూపించాడు. లైనస్ పౌలింగ్ బృందం ఈ వ్యాధి మూలం హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని చూపింది. 1956-57లో వెర్నన్ ఇంగ్రామ్ ఆ తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లం మార్పు అని తేల్చాడు: గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్. ఈ ఘట్టాన్ని జీవరసాయన చరిత్రకారులు విస్తారంగానే రాశారు కనుక ఇక్కడ ఇంతకుమించి అవసరం లేదు.

మన చర్చకు అంతకన్నా ముఖ్యమైనది 1952. ఆ ఏడాది లేమన్, కట్‌బుష్‌లు దక్షిణ భారతంలో, నీలగిరి ప్రాంతపు ఆదివాసులలో ఈ కణలక్షణం ఉన్నట్లు ప్రకటించారు. అస్సాం తేయాకు తోటల కూలీలలోనూ అదే ఏడాది ఇది నమోదైంది. ఆఫ్రికాతో ఇటీవలి రక్తసంబంధం చూపలేని సమూహాలలో అదే కణం కనిపించడంతో 'నీగ్రో వ్యాధి' అన్న పేరుకు ఆధారం లేకుండా పోయింది. అయితే వెంటనే మరొక జాతి సిద్ధాంతం తలెత్తింది. ఒక ప్రాచీన 'వెడ్డాయిడ్' జాతి ఈ జన్యువును ఆఫ్రికాకు తీసుకెళ్లి ఉంటుందన్న ఊహ అది. ఒక జాతి పేరు చెల్లకపోతే మరో జాతి పేరు వెతకడం ఆనాటి మానవశాస్త్రానికి అలవాటు. మలేరియా వైపు చూడవచ్చన్న ఆలోచన ఆ చర్చలో పాల్గొన్నవారికి చాలాకాలం తట్టలేదు.

4. హాల్డేన్ ఊహ, ఆలిసన్ లెక్క

ప్రశ్న నిజానికి సరళమైనది. రెండు జన్యువులూ పొందిన పిల్లలు ఆనాటి ఆఫ్రికాలో అధికశాతం బాల్యంలోనే చనిపోయేవారు. వారితోపాటు జన్యువులు తరతరానికీ నశించాలి. అయినా కొన్ని ప్రాంతాలలో వాహకులు నూటికి ఇరవై మందికి పైగా ఎలా మిగిలారు?

జె. బి. ఎస్. హాల్డేన్ 1949లో, సికిల్ గురించి కాదుగాని మధ్యధరా తీరపు థలసీమియా గురించి ఇలాంటి ప్రశ్నకే సమాధానం సూచించాడు: ఒక జన్యువు మాత్రమే ఉన్నవారి చిన్న ఎర్రకణాలు మలేరియాను మెరుగ్గా తట్టుకుంటాయేమో. దానికి ఆయన ప్రయోగమేదీ చేయలేదు. ఈ ఊహ చేసిన హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడ్డాడు. పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యులలో ఒకరు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించిన హాల్డేన్ భౌతికకాయం, ఆయన కోరిక మేరకే, కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు చేరింది. అప్పటి తూర్పుగోదావరి జిల్లాకు కాకినాడ కేంద్రం. రంపా మన్యమూ ఆ జిల్లాలోనిదే. తెలుగు విజ్ఞానచరిత్ర రచనలలో రాస్‌కు దక్కిన స్థలంలో పదో వంతైనా హాల్డేన్‌కు దక్కకపోవడం న్యాయం కాదు.

ఊహకు లెక్క కట్టినవాడు ఆంథొనీ ఆలిసన్. దక్షిణాఫ్రికాలో పుట్టి కెన్యాలో పెరిగిన ఆలిసన్ 1949లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థిగా కెన్యా పర్వతయాత్ర బృందంతో వచ్చి, వివిధ తెగలవారి రక్తనమూనాలు సేకరించాడు. సముద్రతీరంలోనూ, విక్టోరియా సరస్సు చుట్టూనూ సికిల్ వాహకులు ఎక్కువ. దోమ తక్కువగా ఉండే ఎత్తైన పీఠభూమిలో దాదాపు లేరు. భాషను బట్టి, తెగను బట్టి చూస్తే ఈ పంపిణీకి అర్థం కనిపించలేదు. మలేరియా పటం పక్కన పెడితే కనిపించింది. అంటే వంశవృక్షంతో తేలని విషయం భూగోళంతో తేలింది.

వైద్యవిద్య ముగించుకొని 1953లో తిరిగి వచ్చిన ఆలిసన్, ఉగాండాలోని కంపాలా సమీపంలో 5 నెలల నుంచి 5 ఏళ్ల వయసు గల 290 మంది గాండా పిల్లలను పరీక్షించాడు. వారిలో 43 మంది వాహకులు. వారిలో 12 మంది రక్తంలో పరాన్నజీవి ఉంది, అంటే 27.9 శాతం. మిగిలిన 247 మందిలో 113 మందికి ఉంది, అంటే 45.7 శాతం. వాహకులలో పరాన్నజీవి ఉన్నవారికి కూడా అది ఎక్కువగా స్వల్పసంఖ్యలోనే ఉంది. 1954లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ పట్టిక అచ్చయింది.

ఇక్కడ వయసు ఎంపికే అసలు విషయం. అంతకుముందు ఉత్తర రొడీషియాలో బీట్ అనే వైద్యుడు 1946లోనే ఇలాంటి తేడా గమనించాడు: 102 మంది వాహకులలో 10 మందికి, 491 మంది ఇతరులలో 75 మందికి పరాన్నజీవి కనిపించింది. మరికొందరి పరిశీలనలలో తేడా కనిపించలేదు. సంపాదించిన నిరోధం ఉన్న పెద్దలను కలిపి లెక్కిస్తే అసలు తేడా మరుగున పడుతుందని ఆలిసన్ వాదించాడు. కోహ్, క్రిస్టఫర్స్‌లు చెప్పిన విషయాన్ని ఆయన పరిశోధన ప్రణాళికలోనే ఇమిడ్చాడు. పిల్లలు అందుబాటులో ఉన్నారు కనుక ఎంచుకోలేదు, వారిలోనే ప్రశ్నకు జవాబు కనిపించగలదు కనుక ఎంచుకున్నాడు.

అదే వ్యాసంలోని రెండో భాగం నేడు చదివితే ఇబ్బంది కలిగిస్తుంది. 30 మంది లువో తెగ పురుషులకు, ఒక్కొక్క వర్గంలో 15 మంది చొప్పున, ఉద్దేశపూర్వకంగా మలేరియా సంక్రమింపజేశారు. వాహకులలో ఇద్దరికీ, ఇతరులలో 14 మందికీ పరాన్నజీవి పట్టింది. వారిని స్వచ్ఛంద సేవకులుగా వ్యాసం పేర్కొంటుంది. వలసపాలనలో ఉన్న ఒక దేశంలో, తీవ్రమైన ఫాల్సిపారం జాతి పరాన్నజీవికి 'స్వచ్ఛందం'గా ఒప్పుకోవడమంటే ఏమిటో ఆ పట్టిక చెప్పదు. సికింద్రాబాదులో అణా, నైరోబీలో ఈ అంగీకారం: మలేరియా జ్ఞానమంతా ఎవరి శరీరాల మీద నిలిచిందో ప్రత్యేకంగా రాయవలసిన చరిత్ర.

తరువాతి మెరుగు కంపాలా ములాగో ఆస్పత్రి వైద్యుడు రేపర్‌ది. వాహకులైన పిల్లలకు మలేరియా రాదని కాదు, వస్తుంది. మెదడుకు సోకి ప్రాణం తీసే స్థితికి చేరేది మాత్రం అరుదని 1950ల మధ్యలో ఆయన చూపాడు. సంక్రమణం వేరు, తీవ్రత వేరు అన్న ఈ విభజన ఆలిసన్ మొదటి పట్టికకన్నా ఎక్కువకాలం నిలిచింది. 2012లో అనేక అధ్యయనాలను కలిపి చేసిన సమీక్షలో, వాహకులకు తీవ్ర మలేరియా ప్రమాదం సుమారు 90 శాతం తక్కువని తేలింది.

ఈ రక్షణకు సమాజం చెల్లించే మూల్యాన్ని చిన్న లెక్కతో చూడవచ్చు. ఒక సమూహంలో నూటికి 20 మంది వాహకులనుకుందాం. వివాహాలు ఎంపిక లేకుండా జరిగితే నూటికి 4 జంటలలో ఇద్దరూ వాహకులే అవుతారు. వారి సంతానంలో నాలుగో వంతుకు రెండు జన్యువులూ వస్తాయి. అంటే పుట్టే ప్రతి వందమందిలో ఒకరికి వ్యాధి. అయిదోవంతు పిల్లలు మలేరియా మృత్యువు నుంచి కొంత తప్పించుకుంటే, వందోవంతు పిల్లలు రక్తహీనతకు, నొప్పులకు బలి అవుతారు. జన్యుశాస్త్రం దీన్ని 'సంతులిత బహురూపత' అంటుంది. ఆ మాటలోని సమతూకం గణితానిది, కుటుంబాలది కాదు.

5. అడవి, సేద్యం

1958లో ఫ్రాంక్ లివింగ్‌స్టన్ ఈ కథకు సామాజిక చరిత్రను జోడించాడు. పశ్చిమాఫ్రికాలో అడవులు నరికి సేద్యం విస్తరించడంతో ఎండపడే నీటిగుంటలు ఏర్పడ్డాయి. అనాఫిలిస్ గాంబియే దోమకు అవే ఆవాసాలు. స్థిరపడిన జనం, పెరిగిన దోమ కలిసి ఈ జన్యువుకు అవకాశమిచ్చాయన్నది ఆయన వాదం. మనిషి పని మనిషి రక్తాన్ని మార్చిందన్న ఈ సూచన మానవశాస్త్రంలో పెద్ద మలుపు. అయితే దీన్ని మన పోడు సేద్యానికి నేరుగా అంటగట్టడం కుదరదు. తూర్పుకనుమలలో మలేరియాను మోసే ప్రధాన దోమ అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ నెమ్మదిగా పారే సెలయేళ్లలో పెరుగుతుంది. దాని జీవనం వేరు.

6. కిలిఫి, తరువాతి సంక్లిష్టత

కెన్యా తీరంలోని కిలిఫిలో 1989లో మొదలైన పరిశోధనకేంద్రం ఈ చరిత్రలో తరువాతి అధ్యాయానికి వేదిక. పిల్లల్ని పుట్టుక నుంచి ఏళ్లతరబడి అనుసరించే అధ్యయనాలు అక్కడ సాధ్యమయ్యాయి. వాటి ఫలితాలు సరళమైన కథను ఎలా చెదరగొట్టాయో చూడాలి.

మొదటిది, జన్యువుల మధ్య పరస్పరచర్య. సికిల్ వాహకత్వం రక్షిస్తుంది. ఆల్ఫా థలసీమియా కూడా రక్షిస్తుంది. రెండూ ఒకే బిడ్డలో ఉంటే రక్షణ రెట్టింపు కావాలి. కిలిఫి బృందం 2005లో చూపినది దానికి విరుద్ధం: రెండూ కలిసినచోట రక్షణ దాదాపు మాయమైంది. రెండవది, పరిమాణం. అదే ఏడాది వెలువడిన మరో కిలిఫి అధ్యయనంలో, పిల్లలలో మలేరియా తేడాలకు వంశపారంపర్య కారణాల వాటా సుమారు నాలుగో వంతు. అందులో సికిల్ వాహకత్వం వివరించగలిగినది 2 శాతం మాత్రమే. తేలికపాటి జ్వరం విషయంలో ఇల్లు, దాని పరిసరాల వాటా జన్యువు వాటాకు తక్కువేమీ కాదు.

మూడవది, వెనక్కి తీసుకోవలసి వచ్చిన నిర్ధారణలు. 1990లలో గాంబియా పిల్లలపై జరిగిన పరిశోధనల నుంచి మొదలై ఎన్నో జన్యువుల పేర్లు మలేరియాతో ముడిపడ్డాయి. 2014లో ఆఫ్రికా, ఆసియా, ఓషియానియాలలోని 12 ప్రాంతాల నుంచి 11,890 మంది తీవ్ర మలేరియా రోగులను, 17,441 మంది ఇతరులను పోల్చిన అధ్యయనం 27 జన్యుస్థానాలను తిరిగి పరీక్షించింది. 22 నిలవలేదు. నిలిచినవాటిలో ఒకటి జి6పీడీ లోపం. దాని ప్రధాన ఆఫ్రికా రూపం మెదడు మలేరియా ప్రమాదాన్ని తగ్గిస్తూ, మలేరియా వల్ల వచ్చే తీవ్ర రక్తహీనత ప్రమాదాన్ని పెంచుతోంది. ఒకే జన్యువు ఒక మృత్యుమార్గాన్ని మూసి మరొకదాన్ని తెరుస్తున్నప్పుడు దాన్ని 'మంచి' అనాలో 'చెడు' అనాలో చెప్పడం కష్టం.

పరాన్నజీవి కూడా చేతులు ముడుచుకొని కూర్చోలేదు. గాంబియా, కెన్యాలలో తీవ్ర మలేరియాతో ఆస్పత్రికి చేరిన పిల్లల జన్యువులనూ, వారి రక్తంలోని పరాన్నజీవి జన్యువులనూ కలిపి చదివిన పరిశోధన 2022 నాటి నేచర్ పత్రికలో అచ్చయింది. పరాన్నజీవిలోని మూడు చోట్ల ఉన్న కొన్ని రూపాంతరాలు సికిల్ జన్యువు గల పిల్లలలోనే తరచుగా కనిపించాయి. అలాంటి పరాన్నజీవి సోకినప్పుడు వాహకత్వపు రక్షణ చాలావరకు నిలవడం లేదు.

7. మన్యానికి అన్వయం

కోయ, గోండు, కొండరెడ్డి, కోలాం సమూహాలలో సికిల్ జన్యువు ఉన్నదన్నది నిర్ధారిత విషయం. ఇవి చాలావరకు మలేరియా ప్రాంతాలే. అందువల్ల కొండవారికి ప్రకృతి ఇచ్చిన కవచంగా సికిల్‌ను వర్ణించే ధోరణి ప్రసంగాలలో, విద్యార్థుల వ్యాసాలలో కనిపిస్తుంటుంది. రెండు కారణాలవల్ల దీన్ని జాగ్రత్తగా చూడాలి.

2010లో ప్రపంచవ్యాప్తంగా సికిల్ పంపిణీని చారిత్రక మలేరియా తీవ్రతతో పోల్చిన అధ్యయనం ఆఫ్రికాలో సంబంధం బలంగా ఉందని, ఆసియాలో దాన్ని తేల్చలేమని చెప్పింది. భారతీయ సికిల్ జన్యువు నేపథ్యం ఆఫ్రికా రూపాల కంటే భిన్నమైనదని 1986లోనే గుర్తించారు. అది ఇక్కడ విడిగా పుట్టిందని అప్పటి వాదం. మూలం ఒక్కటేనని 2018లో మరో వాదం. ఏదైనా, పిండదశ హిమోగ్లోబిన్ అధికంగా మిగిలి ఉండటం, ఆల్ఫా థలసీమియా మన ఆదివాసులలో తరచుగా ఉండటం వ్యాధి తీవ్రతను మారుస్తాయి. ఆ థలసీమియా సికిల్ రక్షణను ఏం చేయగలదో కిలిఫి చూపింది. కంపాలా పట్టికను పాడేరుకు తెచ్చి అతికించడానికి వీలులేదు.

రెండో కారణం భాషకు సంబంధించినది. 2023 జులై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 7 కోట్ల మందికి పరీక్షలు, 2047 నాటికి నిర్మూలన లక్ష్యాలుగా పెట్టుకున్నది. పరీక్ష చేయించుకున్నవారికి కార్డులిస్తారు. వివాహానికి ముందు వాటిని సరిపోల్చుకోమంటారు. తెలుగులో వాహకులు, వ్యాధిగ్రస్తులు ఇద్దరినీ 'సికిల్ ఉన్నవారు' అనే ఒకే మాటతో పిలవడం వాడుకైపోయింది. ఈ ఒక్క మాటతో రెండు అనర్థాలు జరుగుతున్నాయి. ఆరోగ్యంగా ఉన్న వాహక యువతి పెళ్లి సంబంధాల్లో రోగిగా లెక్కకు వస్తుంది. రెండు జన్యువులూ ఉన్న బిడ్డకేమో, 'సికిల్ ఉన్నవారిని మలేరియా తాకదు' అన్న వాహకుల మాట అంటగడతారు. వాస్తవంలో, ఆ బిడ్డకు మలేరియా సోకితే అప్పటికే తగ్గి ఉన్న రక్తం మరింత పడిపోయి ప్రాణాపాయం ఏర్పడుతుంది. దోమతెర, సత్వర చికిత్స అందరికన్నా ముందు అందవలసింది ఆ బిడ్డకే.

వాహకుడైన పిల్లవాడి సంగతి కూడా ఆలిసన్ పట్టికలోనే ఉంది. కంపాలా సమీపంలో పరీక్షించిన 43 మంది వాహక పిల్లలలో 12 మంది రక్తంలో పరాన్నజీవి కనిపించింది.